మొక్కకు నా పేరు

కంద చెక్కు తీసేముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా దురద. ఆ ఆదివారం పొద్దున నేను మోచేతుల దాకా నూనె పట్టించి వంటింట్లో బండల మీద కూర్చుని కంద కోస్తున్నాను. మధ్యాహ్నం భోజనానికి మా ఆయన పీహెచ్‌డీ గైడ్ మహేందర్ సార్ హైదరాబాద్ నుంచి తాండూరు వస్తున్నారు. కంద వేపుడు, పప్పు, చికెన్, రెండు పచ్చళ్లు. అన్నీ పన్నెండింటికల్లా అయిపోవాలి. అప్పుడే మా ఆయన ప్రేమ్‌సాగర్ ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు మూసుకోమన్నాడు. చేతిలో కత్తి ఉంది, మూసుకోలేదు.

"కొత్త మొక్కకు నీ పేరే పెట్టిన. లాటిన్‌ల 'నిరోషే'. దునియా ఉన్నన్ని దినాలు ఉంటది."

అత్తమ్మ వెల్లుల్లి ఒలుస్తూ నవ్వింది. "నీ నసీబే నసీబు. నా పేరు రేషన్ కార్డుల తప్ప యాడ లేదు."

నాకు వెంటనే అడగాలనిపించింది ఒక్కటే. అడిగాను. "పేపర్ రాసినోళ్లల్ల నా పేరు ఉన్నదా?"

అతను చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఎవలన్న తమ పేరు తామే పెట్టుకుంటరా? మొక్కకు నీ పేరు పెట్టినంక నువ్వు రాసినోళ్లల్ల ఉండొద్దు. గది పద్ధతి. నీకు తెల్వదా?"

తెలుసు. ఎమ్మెస్సీ బోటనీలో మేమిద్దరం ఒకే బ్యాచ్. అతనికంటే నాకే ఎక్కువ మార్కులు. అతను పీహెచ్‌డీలో చేరాడు, నేను వికారాబాద్‌లో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కొత్త జాతిని వర్ణించినవాళ్లు దానికి తమ పేరు పెట్టుకోరు. చట్టమేమీ కాదు, మర్యాద. ఆ మర్యాదను ఇలా కూడా వాడొచ్చని ఆ పొద్దున్నే తెలిసింది. ఒక మనిషిని పేపర్లోంచి తీసేయాలంటే పేరు కొట్టేయక్కర్లేదు, మొక్కకు ఆమె పేరు పెడితే చాలు. పైగా ఆమే థాంక్స్ చెప్పాలి. చెప్పాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మొక్కను కనుక్కున్నది మా అమ్మ. అనంతగిరి కొండల కింద మా ఊరు. అమ్మ పేరు రాహేలమ్మ. చీపురు గడ్డి కోసం, దుంపల కోసం నలభై ఏళ్లు ఆ అడవిలో తిరిగింది. నాలుగేళ్ల కింద ఒక వానాకాలం నేను ఇంటికి వెళితే, గుడ్డలో మూటగట్టిన ఆరు చిన్న దుంపలు నా ముందు పెట్టింది. "గిది కంద లెక్కనే ఉంటది గని కంద గాదు బిడ్డ. కంద కాడ గరుకుగుంటది, దీనిది నున్నగ. కంద పువ్వు కాడికి పోతే సచ్చిన ఎలుక కంపు, దీనికి ఏ కంపు రాదు." ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేసే రెండు గుర్తులూ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆ ఆదివారానికి అవి ప్రేమ్‌సాగర్ పేపర్లో ఇంగ్లీషులో, 'రచయిత స్వయంగా గమనించినవి' అన్న శీర్షిక కింద ఉన్నాయి.

ఆ దుంపల్ని పెయింట్ బకెట్లలో నాటి, మా పెరట్లో వరసగా పెట్టి అంకెలు వేశాను. మొదటి మూడేళ్లూ ఆకులే వచ్చాయి. ఆకులు కోసి, పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, షీట్ల మీద అతికించి మా కాలేజీ ల్యాబ్ బీరువాలో దాచాను. ఈ మొక్కతో కష్టం ఏమిటంటే ఆకూ పువ్వూ ఒకేసారి రావు. ఎండాకాలం చివర మట్టిలోంచి ఒక్క పువ్వు లేస్తుంది, వాడిపోతుంది, వానలు పడ్డాక ఆకు వస్తుంది. రెండూ ఒకే దుంపవని చెప్పాలంటే ఏళ్ల తరబడి ఎవరో ఒకరు ఆ బకెట్ పక్కన ఉండాలి. ఇంట్లో అలా ఉండేది నేనే. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, వికారాబాద్ రైలు పట్టుకోబోతూ, వచ్చాక చెప్పులు విప్పకుండానే వెళ్లి చూస్తూ. అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, ఇండ్ల కందలు చాలవని మా కోడలు అడివి కందలు సాదుతున్నదని.

పోయినేడు మే నెలలో నాలుగో బకెట్లో మొగ్గ లేచింది. అదే వారం అమ్మను వికారాబాద్ ఆస్పత్రిలో చేర్చారు. ఒక మధ్యాహ్నం మా తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మ అడుగుతోంది, రమ్మన్నాడు. బ్యాగు సర్దుకున్నాను. ఆ సాయంత్రమే పువ్వు విచ్చుకునేలా ఉంది. లోపలి ఆడ పూలు మొదటి సాయంత్రమే సరిగ్గా ఉంటాయి, తెల్లారితే కొలతలు పనికిరావు. ప్రేమ్‌సాగర్‌కు పువ్వు కోసి చూసే ఆ కత్తి పని రాదు. "పొద్దుగాల ఫస్ట్ బండికి పో. గియ్యాల కొలవకపోతే ఏడాది పాయె" అన్నాడు. అతను నన్ను కట్టేయలేదు. నేనే బ్యాగు పక్కన పెట్టాను. స్కేలు, లెన్సు తీసుకుని పెరట్లో కూర్చుని, పువ్వును చుట్టిన మట్ట పొడవు, చిన్న పూలుండే లోపలి కంకి పొడవు, ఒక్కో ఆడ పువ్వు వెడల్పు రాసుకున్నాను. బొమ్మలు గీశాను, వర్ణన రాశాను. వాసన చూశాను. నిజంగానే ఏ వాసనా లేదు. అమ్మకు చెబుదామనుకున్నాను. తెల్లారి బండి శంకర్‌పల్లి వైపు పోయే జనంతో కిక్కిరిసి ఉంది. నేను వికారాబాద్‌లో దిగేసరికే అయిపోయింది.

నలభై రోజుల ప్రార్థన దాకా మా ఊళ్లోనే ఉన్నాను. ఆ నలభై రోజుల్లోనే వానలు పడి ఆకులు వచ్చాయి.

మహేందర్ సార్ ఒంటిగంటకు వచ్చారు. పేపర్ జర్నల్‌కు వెళ్లి నెల దాటింది, అచ్చుకు ముందు చివరిసారి షీట్లు చూడటానికి వచ్చారు. తింటూనే పక్క కుర్చీలో పెట్టిన షీటు వైపు వంగి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ప్రేమ్, కాడ నున్నగా ఉంటుందని రాశావు. ఇది గరుగ్గా ఉందేమిటి?"

మా ఆయన షీటు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఆమెకెర్క సార్. బకెట్లకు నీళ్లు పోసేది ఆమెనే."

చారు గిన్నె బల్ల మీద పెట్టి చూశాను. నేను లేనప్పుడు అతను నొక్కిన ఆకు. కాడ నిండా గరుకు బొడిపెలు. ఒక్క చూపు చాలింది. "ఇది వంటకు వాడే కంద సార్."

"అంటే?"

"మీ ప్లేట్ల ఉన్నదే సార్, షీటు మీద ఉన్నది."

సార్ చేతిలోని ముక్కను చూశారు. అత్తమ్మ గుమ్మం దగ్గరి నుంచి మెల్లగా చెప్పింది, ఆ నలభై రోజుల్లో నీళ్ల ట్యాంకు కట్టేటప్పుడు ఇంటి కంద బకెట్లూ వీటితో కలిపి జరిపి కడిగానని, అంకెలు పోయాయని, అన్నీ ఒక్క తీరే ఉంటే తనకేమెరుకని. ఆమె తప్పేమీ లేదు. మూడేళ్లు పక్కనే ఉన్న మొక్కను పోల్చుకోవాల్సింది పేపర్ రాసిన మనిషి, ఆమె కాదు.

అసలు ఆకులు వికారాబాద్‌లో నా దగ్గర ఉన్నాయని చెప్పాను. సార్ ఊపిరి పీల్చుకున్నారు. వెంటనే మా ఆయనతోనే మాట్లాడటం మొదలుపెట్టారు, అవి తెప్పించు, షీటు మార్చు అని. నేను చారు పోశాను.

సార్ వెళ్లాక ప్రేమ్‌సాగర్ వంటింట్లోకి వచ్చాడు. సార్ ముందు తన ఇజ్జత్ తీశానన్నాడు. చెవిలో చెబితే సరిపోయేదన్నాడు. రేపే ఆకులు తెచ్చివ్వమన్నాడు. గిన్నెలు తోముతూనే అన్నాను, "మొక్కకు అమ్మ పేరు పెట్టండి. నన్ను రాసినోళ్లల్ల పెట్టండి."

"మీ అమ్మకు సంతకం గూడ రాకపోయేది."

"మొక్క తెలిసేది."

అతనికి నిజంగానే అర్థం కాలేదు. కోపం కూడా లేదు, విసుగు. "ఒక్క పూట కూసొని కొలతలు తీసినందుకు గింత చేస్తవా?"

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ ఒక్క పూట ఏమిటో అతనికి గుర్తులేదు. నటించడం లేదు. బ్యాగు సర్దుకుని నిలబడ్డ నన్ను ఆపిన మనిషి, ఆ పూటను మర్చిపోయాడు. ఏడాదిగా నేను ఆ పాపాన్ని ఇద్దరం సగం సగం మోస్తున్నామనుకున్నాను. అతను ఎప్పుడో దించేశాడు, నాకు చెప్పలేదంతే. అరవాలనిపించలేదు. ఏడుపు కూడా రాలేదు. మిగిలిన గిన్నెలు తోమి బోర్లించాను.

సోమవారం మొదటి బండికి వికారాబాద్ వెళ్లాను. పిల్లలు రాకముందే ల్యాబ్ బీరువా తెరిచాను. నాలుగో బకెట్ ఆకులు, మూడేళ్లవి, పచ్చదనం పోయినా కాడ నున్నగా ఉంది. వేలితో తడిమి చూశాను. ఫొటోలు తీశాను. పువ్వు కొలతల కాగితం, బొమ్మలు, అమ్మ దుంపలు తవ్వి తెచ్చిన చోటు, తేదీలు, అన్నీ కలిపాను. జర్నల్ ఎడిటర్ చిరునామా పేపర్ మీదే ఉంది. ఉత్తరం పెద్దగా రాయాలనుకున్నాను, మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. ఇంటికి వెళితే ఏమవుతుందో తెలియదు, వెళ్తానో లేదో కూడా అప్పటికి తెలియదు. ప్రేయర్ బెల్ కొట్టారు. నిలబడే రాసి పంపాను.

"ఈ మొక్కను కంద నుంచి వేరుగా గుర్తుపట్టింది మా అమ్మ రాహేలమ్మ. పెంచి, కొలిచి, వర్ణన రాసింది నేను. కాబట్టి, మన పద్ధతి ప్రకారం, దీనికి నా పేరు పెట్టడం కుదరదు."