బాపు కుడిపక్క

ఆ రోజు ఇంట్లో బాపు, అమ్మ, మా రాజవ్వ నాయినమ్మ, జగిత్యాల దవాఖాన నుంచి వచ్చిన జమున మేడం, నేను ఉన్నాం. ఐదుగురమే. ఇంకెవరూ లేరు.

మస్కట్‌లో లారీ బోల్తాపడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి బాపుకు ఎడమపక్క లేదు. కళ్లు బాగానే ఉన్నాయి. మెదడే ఆ పక్కను మరిచిపోయిందట. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తాడు. ఎడమపక్క నేను నిలబడితే నన్నూ అంతే.

మేడం వారం వారం కోరుట్లలోని మా ఇంటికి వచ్చి, బల్లకు స్టీరింగు బిగించి, బాపు కళ్లకు పెద్ద అద్దాల పెట్టె కట్టేది. దాంట్లో రోడ్డు కనిపిస్తుంది, అదే ల్యాప్‌టాప్‌లో మాకూ. సిరిసిల్లలో మా మేనమామ తన ట్రాలీ ఆటో నడుపుకోమన్నాడు, అదీ మేడం సరే అంటేనే. ఆ రోజే పరీక్ష.

నాయినమ్మ స్టీరింగుకు బొట్టు పెట్టి, కుర్చీ కాలు కింద నిమ్మకాయ పెట్టింది.

"గిది ఉరికే బండి కాదవ్వా," అని మేడం నవ్వింది.

"వాని తలకాయల ఉరుకుతలేదా?" అంది నాయినమ్మ.

నా పని బాపు ఎడమపక్క కూర్చొని పిలవడం. "బాపూ, గిటు చూడు." నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఎడమనుంచి బర్రెలు వచ్చాయి. బాపు ఆగలేదు. గుద్దేశాడు.

మేడం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి బాపు కుడివైపు తిరిగి, "వచ్చినవా బిడ్డా? బెల్టు పెట్టుకో," అన్నాడు.

కుడివైపు గోడ ఉంది.

"మస్కట్ల డ్రైవర్ సీటు ఎడమకుంటదట. పక్కన కూసునేటోళ్లు కుడికి," అని అమ్మ మెల్లగా చెప్పింది. "అక్కడ్నే ఉన్న అనుకుంటుండు."

కానీ నేనెప్పుడూ మస్కట్ పోలేదు.

"ఏందీ? ఎడమకా?" బాపు గోడవైపే అడిగి, తల ఎడమకు తిప్పి బ్రేకు వేశాడు. బర్రెలు దాటిపోయాయి. "మంచిగ చెప్పినవ్ అలేఖ్యా."

అలేఖ్య నేనే. కానీ నేను నోరే తెరవలేదు.

ప్రతి మలుపులో గోడవైపు చెవి పెట్టి, తర్వాత ఎడమకు చూశాడు. ఒక్క తప్పు చేయలేదు. "గీ పిల్ల ముచ్చట్లు చూడుండ్రి," అని నవ్వాడు. "ఇంట్లనైతే నోరు విప్పదు."

"పాసైండు!" మేడం చప్పట్లు కొట్టింది. అమ్మ ఏడుస్తూ మామకు ఫోన్ చేసింది.

పెట్టె విప్పాక బాపు లేచాడు. కుడిచెయ్యి ఎవరి వేళ్లో పట్టుకున్నట్టు ముడుచుకొని ఉంది. అర్రలోకి నడుస్తుంటే ఎడమపక్కనే వెంట పోయాను. "బాపూ, నేనిక్కడున్న," అన్నాను, ఈసారి గట్టిగా.

బాపు గడప దగ్గర ఆగి ఎడమకు తల తిప్పాడు, నేర్చుకున్నట్టే. నన్ను నిండుగా చూశాడు. తర్వాత కుడివైపు వంగి, "ఎవరు బిడ్డా, గీ పిల్ల?" అని అడిగాడు.

ఏదో విన్నాడు. తలూపాడు.

పక్కకు జరిగి, ముందు ఎవరినో లోపలికి పోనిచ్చి, నా ముఖం మీదే తలుపు వేశాడు.