పెదవులతో చెప్పిన మాట

మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్ల గొంతులు వినాలి, అబ్బో! పక్కింటివాళ్లు రోజూ తగువే అనుకుంటారు. పాపం, వాళ్లడిగేది మంచినీళ్లే. ఆ మోతలో పొడుగు మాట బతకదు. "దారం!" "తెగింది!" "పద!" అంతే. అంతకుమించి చెప్పాలంటే గొంతు దండగ. పెదవులు ఆడిస్తే చాలు, ఎదుటివాళ్లు చూసి గ్రహిస్తారు.

మన మైకు మావయ్య పెళ్లి కూడా అలాగే కుదిరింది. మైకు అన్నది వీధి పెట్టిన పేరు లెండి. ఎదుటి మగ్గం పిల్లతో చప్పుడు లేకుండా "చేసుకుంటావా?" అన్నాడు. ఆమె పగలబడి నవ్వి, "ఇన్నాళ్లు పట్టిందా!" అంది, అదీ పెదవులతోనే. తర్వాత ఇంట్లోనూ అంతే. కూతురు మెలకువగా ఉంటే కేకలు, నిద్రపోతే పెదవులు. మెల్లగా మాట్లాడడమనేది ఆ మొగుడూపెళ్లాలకు ఒంటబట్టనే లేదు.

ఇప్పుడామె ఆసుపత్రి మంచం మీద ఉంది. రెప్ప ఎత్తే ఓపిక కూడా లేదు. చెప్పుకోవలసినవేమైనా ఉంటే చెప్పుకోండని డాక్టరు అనేసి వెళ్లాడు.

మావయ్య వంగి "ఎలా ఉందే!" అన్నాడు. వార్డంతా ఉలిక్కిపడింది.

"ఏంటయ్యా ఆ అరుపులు? పక్కన రోగులు లేరా?" అని నర్సు కసిరింది.

మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ చీవాట్లు తిన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఇక తనకు తెలిసిన రెండో దారే పట్టాడు. ముఖం బాగా కనబడాలని మంచానికి కాళ్లవైపు వెళ్లి నిలబడ్డాడు.

"నువ్వు లేని ఇంట్లో నేనెలా అడుగుపెట్టనే? నేనే ముందు పోతాననుకున్నాను. నిన్ను ఒక్కసారైనా మెల్లగా పిలవలేదు, మనసులో పెట్టుకోకు."

పెదవులు ఆడుతున్నాయి, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. అంతా చెప్పేశానని గుండె కాస్త తేలికపడింది కూడా. అయ్యో పిచ్చి మనిషీ, ఆమె కళ్లు మూసుకునుంది కదయ్యా!

మందులు తెచ్చిన కూతురు పక్కన కూర్చునేసరికి తల్లి గొంతు పెగుల్చుకుంది.

"మీ నాన్న వెళ్లిపోయాడామ్మా? మనసు విప్పి ఒక్క మాటైనా అనకుండా..."

మావయ్య ఒక్క ఉదుటున వచ్చి ఆమె మీదికి ఒరిగాడు.

"ఇక్కడే ఉన్నానే! ఎక్కడికీ పోలేదే! అన్నీ చెప్పానే నీకు, అన్నీ చెప్పాను!"

కిటికీ అద్దాలు అదిరేలా అరుస్తూనే ఉన్నాడు. కూతురు తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత తండ్రి భుజం పట్టుకుంది.

"నాన్నా, అమ్మకు ఇక వినపడదు నాన్నా."