మాస్టారి మీసం

సెలూన్ నడిపే చంటి పాతకాలపు రోము రాజుల సీరియల్ అంటే చెవి కోసుకుంటాడు. అది వచ్చే వేళకి అద్దం పైనున్న టీవీ మోగాల్సిందే. ఆ రోజు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నది, చిన్నప్పుడు అతనికి లెక్కలు చెప్పిన మాస్టారు.

"మీసం అంచులు కాస్త సరిచెయ్యరా" అన్నారాయన.

సరిగ్గా అప్పుడే టీవీలో, నిండు సభలో రాజుని సొంతవాళ్ళే చుట్టుముట్టారు. మొదటి పోటు పడగానే చంటి ఉలిక్కిపడ్డాడు. చేతిలో కత్తి జారి, ఎడమవైపు మీసం నురగతో పాటు తువ్వాలు మీద పడింది.

"మాస్టారూ, తప్పయిపోయింది. కళ్ళు టీవీకి అప్పగించేశాను."

మాస్టారు కళ్ళు తెరిచి అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది చంటికి.

"సరేలే, రెండోవైపూ తీసెయ్. సగం మీసంతో వీధిలోకెలా పోను?"

చంటి టీవీ కట్టేసి, మిగిలింది తీశాడు.

"త్వరలోనే వచ్చేస్తుందండీ."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉందిరా అది" అన్నారాయన, నవ్వబోయి.

గుమ్మం దాటుతూ అలవాటుకొద్దీ మీసం దువ్వుకోబోయారు. వేళ్ళు బోసి పెదవికి తగిలి ఆగిపోయాయి. ఆ చెయ్యి జేబులో పెట్టుకుని ఆయన వెళ్ళిపోతుంటే, చంటికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.