రంగు దిగిన నీళ్లు

నేను ఒక కొయ్య గ్లాసుని. నా అడుగున ‘అసలైన వేగిస’ అని కాల్చి వేసిన అచ్చు ఉంది. నమ్మకండి. నాది సుబాబుల్ కొయ్య. కాగితం మిల్లుకు పోయే లారీ మీంచి దొర్లిపడ్డ దుంగ నా తల్లి. మందుకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నోరు లేదు గనక చెప్పలేదు. ఉన్నా నా మాట ఎవరు వింటారు? నన్ను కొన్న ఇంట్లో నోరున్న మనిషి చెబితేనే వినలేదు.

వేగిస మంచి చెట్టే. దాని చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి రంగు దిగుతుంది, ఆ నీళ్లు తాగితే షుగర్ తగ్గుతుందని జనం చెప్పుకుంటారు. తగ్గుతుందో లేదో నాకు తెలియదు, నేను ఆ జాతి దాన్ని కాను. నన్ను లేత్ మిషన్ మీద తిప్పి, లోపల తొలిచి, పాన్ డబ్బాల్లో ఆకుకు పూసే కాచును నీళ్లలో మరిగించి అందులో నానేశారు. దాంతో కొన్నాళ్లపాటు ఎవరు నీళ్లు పోసినా ఎర్రగా రంగు వదులుతాను. ఆ తర్వాత? రంగు అయిపోతుంది. కొన్నవాడు గ్లాసు పట్టుకుని కొట్టడానికొస్తాడు. అలా రాకుండా మా అమ్మకందారుడు ఒక మాట కనిపెట్టాడు. దొంగతనంలో కూడా పనితనం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కోరుట్లలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్‌కూ మిర్చిబజ్జీల బండికీ నడుమ మా స్టాలు. మెడలో రుద్రాక్షలు వేసుకుని, మైకు పెదాలకు ఆనించుకుని మావాడు అరిచేవాడు. “ఒంట్ల తీపి ఉన్నన్ని రోజులే నీళ్లకు రంగొస్తది! రంగు ఆగిన్నాడు రోగం ఆగినట్టు! ఇగ ఇంగ్లీషు మందులు బొందల వెట్టుండ్రి!”

చూశారా? నా లోపమే నా గొప్పతనం అయిపోయింది. రంగు వస్తే మందు పనిచేస్తున్నట్టు, రాకపోతే రోగం పోయినట్టు. ఈ మాట విని ఆగి, నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసినవాడు విద్యాసాగర్.

విద్యాసాగర్‌ది బస్టాండు వెనక మ్యాచింగ్ సెంటర్. ఆడవాళ్లు చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్ ముక్క, లైనింగు, ఫాల్ వెతికి ఇవ్వడం అతని పని. చీర కొంగును గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టి, అలమారాలో ఉన్న అన్ని ఎరుపుల్లోంచి కావలసిన ఎరుపునే లాగేవాడు. రంగుల విషయంలో అతణ్ని మోసం చేసినవాడు లేడు. లైనింగు గుడ్డ కొన్నవాళ్లకల్లా ఒకే మాట చెప్పేవాడు. “కుట్టించే ముందు ఉప్పునీళ్లల్ల నానెయ్యమ్మా. పోయే రంగు మొదలే పోతది. అటెన్క పోనీకె ఏముంటది అండ్ల?” ఇంత తెలిసినవాడు నన్ను కొనుక్కొచ్చి తల్లి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు.

తల్లి పేరు చిన్నుబాయి. మొగుడు పోయాక బీడీలు చుట్టి ఒక్క కొడుకునూ పెంచింది. షుగర్ పాతదే. పొద్దునా సాయంత్రం కోడలు శోభ ఆమె పొట్టకు ఇన్సులిన్ సూది ఇచ్చేది. పొడిచి పొడిచి ఆ పొట్ట అక్కడక్కడా గడ్డకట్టింది. సూది చూడగానే చిన్నుబాయి చిన్నపిల్లలా ముఖం తిప్పుకునేది. విద్యాసాగర్‌కు అది చూడటం చేతయ్యేది కాదు, లేచి వీధిలోకి పోయేవాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, తల్లి అంటే అతనికి ప్రాణం. నాకు అతని మీద కోపం రావడానికి కారణం కూడా అదే. ప్రేమ లేనివాడైతే డాక్టరు చెప్పింది చేసి ఊరుకునేవాడు.

నాకంటే ముందు ఆ ఇంటికి ఎన్ని వైద్యాలొచ్చాయో! మెంతి నీళ్లు, కాకరరసం, నేరేడు గింజల పొడి, తిప్పతీగ కషాయం, తెల్లటి హోమియో గోలీలు. ఫోన్‌లో ఎవడు ఏ ఆకు చూపించినా అది మర్నాటికి చిన్నుబాయి నోట్లో ఉండేది. “చేదు తిని తిని నాలికె చచ్చిపోయింది కొడుకా,” అంటూనే తాగేది. వాటన్నిటితోపాటు సూది కూడా నడుస్తుండేది గనక ఆమెకు ఏమీ కాలేదు. పాపం ఆ ఆకులు, గింజలు ఎవరినీ చంపలేదు. ఆ పని నాకు మిగిలింది.

రోజూ పడుకునే ముందు విద్యాసాగర్ నాలో నీళ్లు పోసి మూత పెట్టేవాడు. తెల్లారి మూత తీసి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, గాజు గ్లాసులోకి వంచి, వెలుతురులో రంగు చూసి తల్లికి తాగించేవాడు. మొదట్లో కుంకుడు రసంలా చిక్కగా ఉండేది. తర్వాత ఇటుక రంగు, ఆపైన తేనె రంగు. రంగు పలచబడ్డకొద్దీ అతని ముఖం విచ్చుకునేది. “అవ్వా, దిగుతున్నదే! నీ తీపి దిగుతున్నది!” అని తల్లి తల నిమిరేవాడు. ఆమె బోసినవ్వు నవ్వేది. ఎవరైనా నన్ను పగలగొడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఒక పొద్దున నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

విద్యాసాగర్ చూశాడు, మళ్లీ చూశాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దుకాణం కూడా తెరవకుండా జిలేబీ కట్టించుకొచ్చాడు. ఆవేళ చిన్నుబాయి చెల్లెలు దేవుబాయి కూడా అక్కను చూడటానికి వచ్చి ఉంది. ఆమెకూ షుగరే, ఆమెకూ సూదే. ఇద్దరు అక్కచెల్లెళ్ల ముందు విద్యాసాగర్ జిలేబీ ముక్క తుంచి తల్లి నోటికి అందించాడు.

“తిను అవ్వా. ఇయ్యాల్టి నుంచి సూది బంద్. నీకు ఏం గాదు.”

చిన్నుబాయి ఆ ముక్కను నమలకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుంది. పాకం గడ్డం మీదికి కారింది. “ఎన్నేండ్లయె బిడ్డా,” అని ఏడ్చింది. దేవుబాయి నోరెళ్లబెట్టి నావైపే చూసింది.

శోభ వాకిట్లో నిలబడి మెల్లగా అంది. “నాకెందుకో మనసొప్పుతలేదు. లైనింగ్ గుడ్డ రంగు పోయినట్టే ఇది గూడ పోయిందేమో.”

నా కొయ్య గుండె లేచి వచ్చింది. సరిగ్గా అదే జరిగింది తల్లీ, ఇంకోసారి గట్టిగా అను! ఆమె అనలేదు. విద్యాసాగర్ అననివ్వలేదు. “మా అవ్వ బాగైతే నీకు ఓర్తలేదా?” అన్నాడు. దేవుబాయి కూడా కోడలి వైపు ఒకలా చూసింది. ఆ మాట తర్వాత ఏ కోడలు నోరు తెరుస్తుంది చెప్పండి? సూదులూ మందు సీసాలూ చెత్తబండిలోకి పోయాయి.

తర్వాత చిన్నుబాయికి ఎడతెగని దాహం మొదలైంది. నీళ్లు తాగడం, బాత్రూముకు పోవడం, మళ్లీ తాగడం. మనిషి చిక్కిపోయింది, జాకెట్లు వదులయ్యాయి. “ఒళ్లు తేలికపడ్డది, చూసినవా?” అని కొడుకు మురిశాడు. శోభ ఉండబట్టలేక, వేలు గుచ్చి షుగర్ చూసే చిన్న మిషన్ బీరువాలోంచి తీసి అత్త నెత్తుటి చుక్క పెట్టింది. అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. హెచ్, ఐ.

“నంబర్ వస్తలేదేంది?” అంది శోభ.

విద్యాసాగర్ తొంగిచూసి పగలబడి నవ్వాడు. “హాయ్ అంటున్నది! మిషన్ సుత మా అవ్వకు హాయ్ చెప్తున్నది!”

చిన్నుబాయి ముచ్చటపడి మిషన్‌కు చెయ్యి ఊపింది. చక్కెర తాను లెక్కపెట్టగలిగే హద్దు దాటిపోతే ఆ మిషన్ చూపించే అక్షరాలవి. అది హాయ్ అనలేదు, మించిపోయిందని కేకేసింది. విద్యాసాగర్ మాత్రం మిషన్ పాతబడి చెడిపోయిందని తేల్చి అటక మీద పడేశాడు.

జాకెట్ ముక్కలను అట్టలకు గుండుసూదులతో గుచ్చి అమ్ముతారు. పండగల గిరాకీకి విద్యాసాగర్ సరుకు ఇంటికే తెచ్చి సర్దుతుంటే ఒక గుండుసూది నేలమీద పడింది. అది చిన్నుబాయి మడమలో తలదాకా దిగింది. ఆమె దాని మీదే నడిచింది. షుగర్ ఆ కాళ్లను ఎప్పుడో మొద్దుబార్చింది, ఆమెకు ఏమీ తెలియలేదు. మంచం మీద కాళ్లు చాపుకుంటే ఆ మడమ నాకు ఎదురుగానే ఉండేది. మొదట ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. నీచు వాసన కొట్టింది. ఎలుక చచ్చిందేమోనని ఇల్లంతా వెతికారు.

శోభ పుండు చూసి కెవ్వున అరిచింది. విద్యాసాగర్ కంగారుగా అడిగాడు. “నొస్తున్నదా అవ్వా?”

“ఏం నొప్పి లేదు బిడ్డా. నిమ్మలంగున్నది.”

ఆ ఒక్కమాట అతనికి చాలు. నొప్పి లేదంటే ఏమీ లేనట్టే అనుకుని పసుపు అద్దాడు. మడమ మీది నలుపు కాలిపిక్క దాకా పాకింది. ఆమె జ్వరంతో కొడుకు పేరు కూడా మర్చిపోయాక కరీంనగర్ తీసుకెళ్లారు. నన్నూ సంచీలో పెట్టుకున్నారు, ఎందుకు పెట్టుకోరు, ఇంటి ధన్వంతరిని గదా!

డాక్టరు కాలు చూసి, కాగితాలు చూసి అడిగాడు. “ఇన్సులిన్ ఎవరు ఆపమన్నరు?”

“షుగర్ తగ్గినంకనే ఆపినం సార్,” అని విద్యాసాగర్ నన్ను తీసి చూపించాడు.

డాక్టరు నన్ను ముట్టుకోను కూడా లేదు. “షుగర్ తగ్గలే. సూది నడుస్తుంటే ఈమె ఇట్ల వచ్చేది కాదు. ఇప్పుడు మోకాలు మీదికి తీసెయ్యాలె, తీసినా నమ్మకం లేదు,” అన్నాడు. అతనికి అవతల చాలామంది ఉన్నారు, వెళ్లిపోయాడు. విద్యాసాగర్ గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు. అతనికి అర్థమైంది. అర్థం కాలేదని మీతో ఎవరైనా అంటే నమ్మకండి, అప్పుడు నేను అతని చేతిలోనే ఉన్నాను. నా అడుగున ఉన్న అచ్చును అతను బొటనవేలి గోటితో గీకుతూనే ఉన్నాడు.

కాలు తీసేశారు. ఉన్నన్నాళ్లూ నొప్పెట్టని కాలు, లేకుండా పోయాక నొప్పెట్టడం మొదలుపెట్టింది. “మడమల ఏదో గుచ్చుతున్నది సాగరూ, తియ్యరా,” అని చిన్నుబాయి లేని కాలి కోసం దుప్పటి తడుముకునేది. విద్యాసాగర్ వంగి ఖాళీ పక్క మీద ఏదో తీసినట్టు నటించేవాడు. కాస్త తెలివి వస్తే పక్క మంచం ఆవిడతో చెప్పుకునేది. “నా కొడుకు నన్ను బాగ చేసిండమ్మా. జిలేబీ గూడ తినవెట్టిండు. ఈ దవాఖానోళ్లే నా కాలు పాడుచేసిండ్రు.” కొడుకు అక్కడే ఉండి విన్నాడు. ఆ నమ్మకంతోనే ఆమె పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ విద్యాసాగర్ అదే చెప్పాడు. షుగర్ మంచిగనే తగ్గింది, కాలి పుండే ముంచింది. మొదట్లో గొంతు తడబడేది. చెప్పి చెప్పి నున్నగా వచ్చేసింది.

దినాలు అయిపోయిన మర్నాడు శోభ నన్ను నీళ్లపొయ్యిలో పెట్టబోయింది. పెట్టు తల్లీ, అనుకున్నాను. దేవుబాయి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, కాలవెడ్తవా? నాకియ్యి బిడ్డా. సూదులు వొడిపించుకోలేక సస్తున్న.”

శోభ నన్ను వదల్లేదు. మొగుడి వైపు తిరిగింది. “మీరే చెప్పుండ్రి చిన్నమ్మకు. ఇయ్యాల్నన్న చెప్పుండ్రి,” అంది. ఆమె గొంతులో బతిమాలుకోవడం ఉంది, కోపం కూడా ఉంది.

విద్యాసాగర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుండు గీయించుకున్న తల వంచుకున్నాడు. ‘వద్దు చిన్నమ్మా’ అంటే చాలు, దేవుబాయి బతుకుతుంది. కానీ ఎందుకు వద్దని ఆమె అడుగుతుంది. దానికి అతని దగ్గర ఒకటే జవాబు ఉంది, ‘అవ్వను చంపింది నేనే’ అని.

“మరి సూది ఎప్పటి నుంచి బంద్ చెయ్యాలె కొడుకా? నీళ్లకు రంగు ఆగినంకనా?” అని దేవుబాయే అడిగింది.

విద్యాసాగర్ లేచి వచ్చాడు. శోభ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి నన్ను తీసుకున్నాడు. పిన్ని చేతిలో పెట్టాడు.

“రంగు ఎప్పుడో ఆగింది గద చిన్నమ్మా. ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యి.”