ఏడిళ్ళ పెద్దక్క

పెద్దక్క వెనకగది తలుపు తీసి, చాపలు దులిపి, కిటికీ రెక్క కొట్టుకోకుండా చెక్కముక్క దోపేసరికి ఆరున్నరయింది. వార్డు హాలుకి ముందు పెద్ద గది, వెనక చిన్నది. పెద్దది సమావేశాలకి. చిన్నది ఒకప్పుడు విరిగిన కుర్చీల కొట్టు. ఆ హాలు ఊడ్చే ఉద్యోగం పెద్దక్కది, తాళంచెవులూ ఆమె దగ్గరే. పదకొండేళ్ళ కిందట ఆ కుర్చీలన్నీ ఒక్కత్తే బయటికి మోసి, గోడలకి సున్నం కొట్టి, పనికి పోయే తల్లుల పిల్లల్ని అక్కడ పడుకోబెట్టడం మొదలుపెట్టింది. ఎవరినీ అడగలేదు. అడిగితే కాదంటారని ఆమాత్రం తెలుసు. ఇన్నేళ్ళూ పైవాళ్ళు ఆ గదిని పట్టించుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కమిటీ కూర్చుని, దాన్ని ప్రదర్శనశాల చెయ్యాలో వద్దో తేలుస్తుందట.

"తేల్చేదేముంది? తేలిపోయే ఉంటుంది," అంది మోకాళ్ళ పిన్ని, గోడకి చేరగిలబడుతూ. మోకాళ్ళు పట్టేసి ఇళ్ళపనులు మానేసిన మనిషి. పెద్దక్క బయటికి వెళ్ళాక పిల్లల్ని చూసుకునేది ఆమే.

"పొద్దున్నే నోరు మంచిదవ్వాలి పిన్నీ. లేచి పాలు కాచు."

తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. చేపలమ్మే ఆవిడ, ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ, కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసే నలుగురు. తలో భాష వాళ్ళు, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతుంది. పిల్లలకి ఆ ఇబ్బంది లేదు. ఒకడు ఏడుపందుకుంటే తొమ్మిదిమందీ అదే భాషలో అందుకుంటారు. చివరగా పెద్దక్క కోడలు తన పాపని తెచ్చి చాప మీద పడుకోబెట్టి, లేవకుండా అలాగే కూర్చుంది.

"అత్తయ్యా, గది తీసేసుకుంటే నేను పని మానెయ్యాల్సిందేనా?"

"గది సంగతి నేను చూసుకుంటా. నువ్వు బస్సు సంగతి చూసుకో, పో."

అలా అనేసింది గానీ, ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలియదు.

పెద్దక్క మనిషి పొట్టి. భుజాలు మాత్రం మగాళ్ళకుండేంత వెడల్పు. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకోవాలని ఒక గుమాస్తా అరగంట తంటాలు పడి, చివరికి తన తలే పట్టుకున్నాడు. ఆ మాట చెప్పి ఇప్పటికీ పడీ పడీ నవ్వుతుంది. నవ్వితే పక్కన ఒక పన్ను లేదని తెలుస్తుంది, ఆవిడకి ఆ చింత కూడా లేదు.

ముప్ఫై ఏళ్ళు దాటింది ఈ వీధుల్లో మెట్లు కడగడం మొదలుపెట్టి. మొదట్లో కొడుకుని వెంటపెట్టుకుని వెళ్ళేది. మూడంతస్తుల మేడల్లో, కింద మెట్ల కమ్మీకి వాడి నడుము గుడ్డతో కట్టి, తను పైనుంచి కడుక్కుంటూ దిగేది. మూడో అంతస్తులో చీపురు పట్టుకునుంటే కింద వాడి ఏడుపు వినిపించేది. దిగితే పని చెడుతుంది, దిగకపోతే ప్రాణం కొట్టుకుంటుంది. ఆ ఏడుపు ఇవాళ్టికీ ఆమె చెవుల్లోంచి పోలేదు. కొడుకు ఇప్పుడు వ్యాను నడుపుతున్నాడు, వాడికి అదేం గుర్తులేదు. తల్లికి అన్నీ గుర్తే. వెనకగది పుట్టింది అందుకే.

ఇక కమిటీ. అందులో ఏడుగురు, భాషా ఆచారమూ వేరైన ఏడు రకాల జనానికి ఒక్కొక్కరు. దానికి పెద్ద టీచరమ్మ, బడినుంచి రిటైరైన మనిషి. ఆవిడ చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. జ్వరం వస్తే మాత్రలు కొనిస్తుంది, కోడలి పురిటికి తన కారిచ్చి పంపింది. ఒకరినొకరు చూస్తే మొహం తిప్పుకునే ఏడు రకాల వాళ్ళనీ ఇల్లిల్లూ తిరిగి బతిమాలి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది ఆవిడే.

మూడింటికి హాలు సగం నిండింది. పెద్దక్క టీ పళ్ళెం పట్టుకుని గోడవారన నిలబడింది. అందరికీ టీలు అందించి మళ్ళీ అక్కడికే చేరింది.

"వెనకగదిలో ఏడు అద్దాల బీరువాలు పెడదాం," అంది టీచరమ్మ. "ఒక్కొక్కరి బట్టలు, వాయిద్యాలు, పాత ఫొటోలు. ఈ వార్డులో ఎన్ని రకాల వాళ్ళం కలిసున్నామో పిల్లలు చూసి నేర్చుకోవాలి. పసివాళ్ళకి ఇంకెక్కడైనా చోటు చూద్దాం."

హాలుకెదురుగా అద్దెకొట్లో గడియారాలు బాగుచేసే ఆయన లేచాడు. లేస్తే ఒక పట్టాన కూర్చోడని అందరికీ తెలుసు. రెండో వరసలో ఎవరో అప్పుడే నిట్టూర్చారు.

"ఏడు రకాలన్నారు, బాగుందండీ. ఈ ఏడుగురిలో అద్దెకుండేవాళ్ళు ఎంతమంది? చేతులతో పనిచేసుకునేవాళ్ళు ఎంతమంది? అందరూ మేడలవాళ్ళే. ఇది ఏడు రకాలా, ఒకటే రకమా? ఎనిమిదో కుర్చీ వెయ్యండి."

"మేడ ఉంటే మా భాష మారిపోతుందా?" అన్నాడు నగలకొట్టాయన, కమిటీలో మూడో మనిషి. "మా పద్ధతులు మారిపోతాయా? మా తాతలు పడ్డ మాటలు నీకేం తెలుసు?"

ఆ మాటలోనూ నిజముంది. ఇద్దరూ ఒకేసారి గొంతు పెంచారు. టీచరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. చుట్టూ చూస్తే పెద్దక్క కనబడింది.

"ఇదిగో, పెద్దక్కనే అడుగుదాం. మా ఏడిళ్ళలోనూ ఎప్పుడో ఒకప్పుడు పనిచేసింది. చెప్పవే పెద్దక్కా, మా ఇళ్ళు ఒకటేనా, వేరు వేరా?"

పెద్దక్క కంగారుపడింది. అబద్ధం చెప్పడం చేతకాదు, ఆలోచించి చెప్పడం అంతకన్నా చేతకాదు.

"వేరేనమ్మా. మాట వేరు, దండం పెట్టుకునే తీరు వేరు, వంటింట్లో వాసన వేరు. అన్నీ వేరే." ఇంకేమైనా మర్చిపోయానా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. "నా గ్లాసొకటి మాత్రం ఏడిళ్ళలోనూ ఒకటే తీరమ్మా. బయట కుళాయి దగ్గర, విడిగా ఉంటుంది."

దెప్పుతూ అనలేదు. ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. నగలకొట్టాయన చేతిలో టీ కేసి చూసుకున్నాడు. అయ్యో, నోరు జారానే, గది కాస్తా పోయిందే అనుకుంది పెద్దక్క.

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"ఆ తీర్మానం పెట్టింది నేను. నేనే తీసేసుకుంటున్నాను. వెనకగది ఉన్నట్టే ఉంటుంది. ఎనిమిదో కుర్చీ సంగతి వచ్చేసారి, పెద్దక్కని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడదాం."

"నేనా? నాకు సాయంత్రాలు అస్సలు తీరదమ్మా," అంది పెద్దక్క, బెదిరిపోయి. హాలంతా ఘొల్లున నవ్వింది.

సమావేశం ముగిశాక పెద్దక్క వెనకగదిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. సంతోషం పట్టలేక పిన్ని మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది. పిన్ని కుయ్యిమంది.

"గది మనదే పిన్నీ! ఎవరూ కదపరు. ఏంటో, ఒళ్ళంతా నీరసంగా ఉంది. కాస్త నడుం వాలుస్తా. పావుతక్కువ ఐదుకి లేపు, టీచరమ్మ గిన్నెలున్నాయి."

మనవరాలి పక్కన చాప మీద పడుకుంది. పాప నిద్రలోనే ఆమె వేలు పట్టుకుంది.

పావుతక్కువ ఐదుకి పిన్ని పిలిచింది. రెండోసారి గదమాయిస్తూ పిలిచింది. మూడోసారి పాకుతూ వెళ్ళి చెంప మీద చెయ్యి వేసి, తన నోరు తనే మూసుకుంది. పిల్లలు లేస్తారని. తరవాత పాప వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

అక్కడ టీచరమ్మ ఇంటికి వెళ్ళగానే కుళాయి పక్క గట్టు మీంచి సొట్ట స్టీలు గ్లాసు తీసింది. దాన్ని అక్కడ పెట్టిందెవరా అని గుర్తుచేసుకోబోయింది. తనే. గ్లాసుని లోపలికి తెచ్చి, తోమి, ఇంట్లో గ్లాసుల మధ్య బోర్లించింది. టీ కాచి, చుట్టాలొస్తే తీసే నీలం పువ్వుల కప్పులు రెండు దించింది. ఒకటి తన ముందు, ఒకటి ఎదుటి కుర్చీ ముందు పెట్టుకుని గుమ్మంకేసి చూస్తూ కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో మనసులో రెండుసార్లు చెప్పుకుని చూసుకుంది. పెద్దక్క ఐదంటే ఐదే. ఐదుంబావు దాటింది.

గేటు చప్పుడైంది. వచ్చింది గడియారాలాయన. "టీచరమ్మా, ఒక్కసారి హాలుకి రండి," అన్నాడు. ఎప్పుడూ ఒక పట్టాన ఆపనివాడు, అంతటితో వెనక్కి తిరిగాడు.

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా, తలుపు దగ్గరికైనా వెయ్యకుండా వెళ్ళిపోయింది. బల్ల మీద ఎదుటి కుర్చీ ముందు నీలం పువ్వుల కప్పు నిండుగా అలాగే ఉంది, టీ మీద పల్చగా మీగడ కట్టింది.