బుధవారం నాకు పనుంది

మా వియ్యపురాలు సంచీలో కంప్యూటర్ పెట్టుకుని వచ్చిన రోజునే నాకు అనుమానం వేసింది. వచ్చింది మా అమ్మాయి ఇంటికి. నేను అక్కడికి రెండు వీధుల అవతల, ఇస్త్రీ కొట్టు మీది గదిలో ఉంటాను. కింద నుంచి వచ్చే ఆవిరికి నా గది గోడలు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి. వియ్యపురాలు ఉండేది పార్కు ఎదురుగా మేడమీద. మా ఇద్దరికీ నడుమ అమ్మాయి, అల్లుడు, వాళ్ళ కూతురు బుడంకాయ. పిల్లకు బళ్ళో వేరే పేరుంది గానీ, పుట్టినప్పుడు ఆ బుగ్గలు చూసి నేను పిలిచిన పేరే నిలిచింది. ఆ పేరు పెట్టింది నేనని ముందే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత ఎవరైనా మరిచిపోతారేమోనని.

అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. అల్లుడు సిటీ బస్సు నడుపుతాడు. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలే. ఒకరు గుమ్మంలోకి వస్తుంటే ఇంకొకరు చెప్పులు తొడుక్కుంటూ ఉంటారు. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో, పిల్లను ఎవరు తేవాలో, కుళాయి బాగుచేసేవాడు ఏ పూట వస్తానన్నాడో, అన్నీ నన్నే అడిగేవారు.

"అమ్మా, వచ్చే శుక్రవారం నాకు పగలా, రాత్రా?" అని తన డ్యూటీ సంగతి తనే ఫోన్ చేసి నన్ను అడిగేది అమ్మాయి. నేను టక్కున చెప్పేదాన్ని. నా చదువు రెండో తరగతితో సరి. మూడో తరగతి గుమ్మం చూశాను గానీ లోపలికి పోలేదు. అయితేనేం, ఒకసారి చెవిలో పడ్డ మాట నాకు పోదు.

ఒకనాడు అల్లుడు తోటి డ్రైవరుతో డ్యూటీ మార్చుకుని ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. పాపం పిల్ల బడి గేటు దగ్గర టీచరు కొంగు పట్టుకుని నిలబడిపోయింది. ఆ వంక దొరికింది మా వియ్యపురాలికి. ఆమె ఏదో ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన మనిషి.

"నోటి లెక్కలతో ఎన్నాళ్ళు నడుస్తుంది వదినగారూ?" అంటూ భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. "ఇది ఇంటర్నెట్‌లో ఉండే క్యాలెండర్. మనందరిదీ ఒకటే. ఎవరి ఫోన్లో రాసినా అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది."

"గోడమీద ఉన్నదానికేం రోగమొచ్చింది?" అన్నాను.

"గోడని బస్సులోకి ఎక్కించలేడుగా మావాడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళవరకే.

తలా ఒక రంగు ఇచ్చింది. అమ్మాయికి నీలం, అల్లుడికి ఎరుపు, పిల్లకు ఆకుపచ్చ. తనకేమో నిగనిగలాడే పసుపు. నాకు బూడిద రంగు.

"మంచి రంగులన్నీ ఐపోయాయా వదినగారూ?"

"మీకు నప్పుతుందనీ..."

తర్వాత ఒక్కొక్కరి ఫోన్‌కీ పిలుపు పంపింది. అది నొక్కి ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తుందట. నా వంతు వచ్చేసరికి ఆగింది. "మీ అమ్మగారికి చూడ్డానికి మాత్రం ఇస్తే చాలు కదమ్మా? రాసే అవకాశం ఎందుకు, ఏదో ఒకటి నొక్కేస్తారు."

"రాయడానికి కూడా ఇవ్వండి అత్తయ్యా," అంది మా అమ్మాయి. కన్నకూతురు కదా. ఆ పూట కన్నందుకు ఫలితం దక్కింది అనుకున్నాను.

ఇంతలో బుడంకాయ వేలితో తెర మీద గీతలు చూపిస్తూ, "నానమ్మకి ఎన్ని ఉన్నాయో చూడమ్మా! నడక, ఈత, కళ్ళ డాక్టరు, పాత ఆఫీసు వాళ్ళు... అమ్మమ్మకి ఒక్కటీ లేదేంటి?" అంది.

"అమ్మమ్మ ఎప్పుడూ ఖాళీయే కదమ్మా," అంది వియ్యపురాలు, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ. ఆమె ఒత్తి అనలేదు. అందుకే ఇంకా మండింది. తిట్టినట్టు అంటే తిరిగి తిట్టొచ్చు. ఉన్న మాట అన్నట్టు అంటే ఏం చేస్తాం? నేను ఖాళీనా? వీధి చివర పాడుబడ్డ ఇల్లు ఖాళీ, తాగేసిన గ్లాసు ఖాళీ. మనిషి ఖాళీ ఏమిటి?

ఆ రోజు నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని పసుపు గళ్ళు లెక్కపెట్టడమే నా పనైపోయింది. పొద్దున టీ చల్లారిపోయేది. మంగళవారం ఆమెకు ఈత. ఈ వయసులో ఈత! మునిగేది ఆమె అయితే ఉక్కిరిబిక్కిరి అయ్యేది నేను. గురువారం పాత స్నేహితులతో సినిమా. అదీ అందరికీ కనిపించేలా రాసిపెట్టింది. అమ్మాయి ఇప్పుడు డ్యూటీల సంగతి నన్ను అడగడం లేదు. ఫోన్ మోగడమే తగ్గింది. నా తలలో ఉన్నదంతా తీసి ఆమె బల్ల మీద పరిచినట్టయింది.

"రాసేది ఎలాగే?" అని బుడంకాయను అడిగాను.

"ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడు అమ్మమ్మా. అదే రాసుకుంటుంది."

మాటలకు నాకేం కరువు? గదికి వచ్చి తలుపు వేసుకుని మొదలుపెట్టాను. మోకాళ్ళ డాక్టరు అన్నాను. లేడు, ఉన్నా నేను పోను. స్నేహితురాలింటికి భోజనానికి అన్నాను. ఆ స్నేహితురాలు పోయి చాలా కాలమైంది. మరి బుధవారానికి ఏం చెప్పాలో తోచక, గంభీరంగా ఉంటుందని "ముఖ్యమైన పని" అన్నాను. అది ఏదో అడిగింది. నేను ఏదో నొక్కాను. చూస్తే బుధవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడి అంతా బూడిద రంగు. ఆ కిందది కూడా. పై నెలలోనూ అంతే. వరసగా బుధవారాలన్నీ నావే! అమ్మయ్య, పసుపును మించి పరుచుకుంది నా బూడిద అని ఫోన్‌ను కొంగుతో తుడిచి దిండు పక్కన పెట్టుకున్నాను.

బుధవారం బడి మధ్యాహ్నానికే వదులుతారు. ఆ పూట పిల్లను తెచ్చేది నేనే. బళ్ళో చేరిన నాటి నుంచీ నేనే. గేటు నుంచి నా గది దాకా చెయ్యి పట్టుకుని నడవడం, దారిలో ప్రతి పిల్లినీ పలకరించడం, ఇస్త్రీ కొట్టతను మడతపెట్టే చొక్కాల్ని ఇద్దరమూ నిలబడి చూడడం. అది పని అని నాకెన్నడూ తోచలేదు. తోచి ఉంటే దాన్నే రాసేదాన్ని కదా.

ఆ బుధవారం వెళ్ళేసరికి గేటు దగ్గర మా వియ్యపురాలు నిలబడి ఉంది. బూట్లు వేసుకుంది.

"మీరేంటి వదినగారూ ఇక్కడ? మీకేదో ముఖ్యమైన పని ఉందిగా," అంది. "మీరు రాలేరని మీ అమ్మాయి నన్ను తెమ్మంది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, "ఆ పనికే వెళుతున్నా. దారే కదా అనీ..." అన్నాను.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను చెయ్యి చాపాను.

"అమ్మమ్మా, నీకు పనుందటగా! నానమ్మ నాకు సైకిల్ నేర్పిస్తానంది!" అని నా చేతి కింద నుంచి దూరి అటు పోయింది. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా చూశాను. పిల్ల నడవడం లేదు, ఎగురుతోంది. నాతో వచ్చేటప్పుడు ఎగిరేదా అని ఎంత గుర్తుచేసుకున్నా తేలలేదు. అన్నీ గుర్తుండే నాకు అదొక్కటి గుర్తు రాలేదు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఒట్టిదే అని చెబితే మళ్ళీ ఖాళీ మనిషినవుతాను. చెప్పకపోతే పిల్ల నా చేజారిపోతుంది. రెండిట్లో ఏది నయమో తేలక బుధవారం బుధవారం చీర మార్చుకుని, సంచీ తగిలించుకుని, బస్టాపులో కూర్చున్నాను. ముఖ్యమైన పని ఉన్న మనిషి గదిలో కనబడితే బాగుండదు కదా. వచ్చిన ప్రతి బస్సునూ పంపించేశాను. ఒకసారి మా అల్లుడి బస్సే వచ్చి ఆగింది.

"ఎక్కుతారా అత్తయ్యా?" అన్నాడు కిటికీలోంచి.

"లేదు బాబూ, నాది ఇంకో బస్సు."

"ఇటు వచ్చేది ఇదొక్కటే కదా!"

ఆ రాకాసి క్యాలెండర్ చెప్పనిది అల్లుడి నోరు చెప్పింది. మర్నాడు పొద్దున్నే అమ్మాయి డ్యూటీ బట్టల్లోనే మెట్లెక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, నిజం చెప్పు. ఏ ఆస్పత్రికి వెళుతున్నావు?"

"ఆస్పత్రేంటే?"

"ప్రతి బుధవారం ముఖ్యమైన పని అంటావు. మోకాళ్ళ డాక్టరంటావు, అక్కడ అడిగితే నీ పేరే లేదన్నారు. బస్టాపులో ఒక్కదానివే కూర్చుంటున్నావట. నేను నర్సునమ్మా, నా దగ్గర దాస్తావా? టెస్టులేమైనా రాశారా?" అంటూ నా మణికట్టు పట్టుకుని నాడి చూడడం మొదలుపెట్టింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ పనీ లేదే," అన్నాను.

"మరి?"

"మీ అత్తకి అన్ని గళ్ళుంటే నాకు ఒక్కటీ ఉండొద్దా?"

అమ్మాయి నా చెయ్యి వదిలేసి మంచం మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో కొంతసేపు నాకు అర్థం కాలేదు. "నీకు రోగమే అమ్మా," అంది చివరికి. "అయితే దీనికి మందు మా ఆస్పత్రిలో లేదు. నా బుధవారం నాకిమ్మని నువ్వే అత్తయ్యని అడుక్కో. నన్ను మధ్యకి లాగకు. నాకు ఇద్దరూ కావాలి."

వియ్యపురాలికి ఫోన్ చేయడానికి నేను పడ్డ యాతన పగవాళ్ళకు వద్దు.

"వదినగారూ, ఆ బుధవారం పని... అయిపోయింది."

"ప్రతి వారం ఉండేదిగా. మొత్తానికి అయిపోయిందా?"

"అయిపోయింది. పిల్లని ఇక నేనే తెచ్చుకుంటా."

"సైకిల్ వచ్చేస్తోంది వదినా. ఇంకో రెండు వారాలు నన్ను తేనిస్తే..." అంది. గారు లేకుండా వదినా అనడం అదే మొదలు. ఆ గొంతు నాకు కొత్తది కాదు. బస్టాపులో కూర్చుని లోలోపల నేను మాట్లాడుకున్న గొంతే.

నా మనసు కరిగిందని చెబితే మీరు మెచ్చుకుంటారు గానీ, అది అబద్ధం. "మీకు శనివారం ఉందిగా," అన్నాను.

"శనివారం మావాడు ఇంట్లో ఉంటాడు. నాన్న ఉంటే నా మొహం ఎవరు చూస్తారు?"

"అయినా బుధవారం నాదే," అన్నాను.

"సరే, తెచ్చుకోండి," అంది. "సీటు వెనక పట్టుకోండి. హ్యాండిల్ మాత్రం పట్టుకోకండి, పిల్ల పడుతుంది."

ఆ సాయంత్రం ఫోన్ తీసి చూశాను. బుధవారాల్లో నా బూడిదను ఆమే తుడిచేసింది. ఆ చోట ఆకుపచ్చ గళ్ళు పెట్టి, 'బడి నుంచి అమ్మమ్మతో' అని టైపు కొట్టింది. ఒక్క తప్పు లేదు. దానికీ కుళ్ళుకున్నాను.

బుధవారం పిల్లను తీసుకుని పార్కు పక్క సందుకు వెళ్ళాను. సైకిల్ మీద కూర్చున్నది మొదలు, "నానమ్మ ఇలా కాదు, నానమ్మ అలా," అంటూనే ఉంది. సీటు వెనక పట్టుకుని పరుగెత్తాను. రెండు మోకాళ్ళూ నన్ను శపించాయి.

"వదిలెయ్ అమ్మమ్మా! పోయినసారే నానమ్మ వదిలేసింది! నేను పడలేదు!"

"వదిలేశానే!"

"వదల్లేదు! నాకు తెలుస్తోంది!"

తల ఎత్తితే మేడమీద పిట్టగోడకు ఆనుకుని మా వియ్యపురాలు నిలబడి ఉంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూస్తోంది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వచ్చి, గాలిలో వేళ్ళు విప్పింది, వదలండి అన్నట్టు.

నాకు తెలుసు, పిల్లకు వచ్చేసిందని. సీటు నా చేతిలో ఊగడం కూడా లేదు. చూస్తే చూడనీ అని, ఇంకాస్త గట్టిగా పట్టుకుని, సందు చివరి దాకా పరుగెత్తాను.