కానుకయ్య లేని కీర్తన

హేమంతప్రభాతమున పరిపక్వశాలిమంజరీభారావనతములైన కేదారములు హిమబిందుసందోహమును మోయలేక మరింత తలలు వాల్చియుండ గౌతమీతీరనారికేళవనముల నడుమ సున్నము కొట్టిన మిషను దేవాలయమున కోతపండుగ గంట మ్రోగుచుండెను. గుమ్మడికాయలును అరటిగెలలును కాళ్లు కట్టిన కోళ్లును మోసికొని క్రైస్తవజనులు వచ్చుచుండిరి. నూతనముగా అచ్చుపడిన కీర్తనల పుస్తకమును ఆనాడే పంచుదురని వారికి రెట్టింపు సంబరము. ఆ గ్రంథమును పరిష్కరించిన రత్నపౌలు పండితుడు మాత్రము ఆ సంబరమున కలియక గోడవారగా నిలిచియుండెను.

ఈ రత్నపౌలు గీర్వాణాంధ్రభాషావిశారదుడు, రాగతాళమర్మజ్ఞుడు. పదునేడు కీర్తనలు రచించి ప్రతిదాని కడపటి చరణమున తన నామముద్రను శాస్త్రోక్తముగా నిలిపెను. జనులు వానిలో ఒక్కదానినైనను రెండవమారు పాడిన పాపమున పోలేదు. నాట్లు వేసి పొట్ట పోసికొను నిరక్షరాస్యయైన సువార్తమ్మ కట్టిన పాటయో, ఒక్కటే యయ్యును, ఏ చేనిగట్టున విన్నను అదియే వినవచ్చుచుండెను. విషూచియను కలరా జాడ్యము సోకి అయిదేండ్ల ఏకపుత్రుడు కానుకయ్య మరణింప, పదిమందితో గలిపి ఒకే గోతిలో వానిని పూడ్చినందున కూర్చుండి యేడ్చుటకైనను తావు లేని ఆ వితంతువు, పాటకర్తలు తమ పేరు నిలుపుకొను కడపటి చరణమున కొడుకు పేరు నిలిపి "కన్నతల్లి లేని చోట కానుకయ్యకు నీవె తోడు" అని దేవుని వేడుకొనెను.

మిషను దొరగారి యానతిపై పండితుడు ఆ పాటను వ్రాసికొనిన దినమున ఆమె యాయన అరుగు క్రింద చేతులు జోడించి నిలిచెను.

"నా పేరేం వద్దండి అయ్యగారూ. ఆడి పేరు మాత్రం పోకుండా ఎయ్యండి. ఆడు ఈ భూమ్మీద పుట్టాడనడానికి ఆ పాటొక్కటే గురుతండి."

పండితుడు మాట యిచ్చెను. ఇచ్చిన చేతితోనే కానుకయ్యను కొట్టివేసి ఆ స్థానమున రత్నపౌలును వ్రాసెను. యతి భంగమైనను మాత్రలు సరిపోయినవని తన్ను తాను సమాధానపరచుకొనెను. అసూయ యెంత చదువుకొన్నవానినైనను ఎంత నీచునిగా చేయునో చూడుడు!

ఆరాధనమధ్యమున దొరగారు ఆ కీర్తననే పాడుడనిరి. చదువు వచ్చిన ముందువరుసలవారు పుస్తకము చూచి యెత్తుకొన వెనుకవారు అందుకొనిరి. కడపటి చరణమున ముందువరుసలు "రత్నపౌలుకు నీవె తోడు" అని పాడుచుండ వెనుకనుండి సువార్తమ్మ కంఠము ఒంటరిగా "కానుకయ్యకు" అని పైకి లేచెను. పాట ఆగిపోయెను. ఆమెతో కలిసి ఏండ్ల తరబడి పాడిన కూలీలు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరే గాని దొరలు అచ్చొత్తించినది తప్పగునా యని నోరు మెదపరైరి.

దొరగారు పండితుని వంక తిరిగి "ఈమె పాడినది సరియా? గ్రంథమున నున్నది సరియా?" అని యడిగిరి.

సువార్తమ్మ ఆయనను చూచి నవ్వెను. వ్రాసికొన్నవాడు ఆయనయే కదా, చెప్పునని ఆమె ధీమా.

"గ్రంథమున నున్నదే సరి. పుత్రశోకమున ఈమెకు మతి చలించినది" అని రత్నపౌలు పలికెను.

ఆ నవ్వు ఆమె మొగముననే ఎండిపోయెను. ఆమెకు పండితునిపై అనుమానము కలుగలేదు. తనపైననే భయము కలిగెను. ఆరాధన ముగిసిన వెంటనే, కానుకగా తెచ్చిన గుమ్మడికాయను చంకనుండి దింపనైనను మరచి, ఆయన అరుగు కడకు వచ్చెను.

"తమరు సదూకున్నోరు, అబద్ధమాడరు. నా బుర్రే పాడైపోయిందండి. మరి మా ఓడి పేరు ఏ పాటలో ఉండేదండి?"

"ఏ పాటలోను లేదు."

ఆమె చంకలోని గుమ్మడికాయను సవరించుకొని "అయితే ఆ చరణం నాకు నేర్పండయ్యగారూ. దేవుడి గుళ్లో మళ్లీ తప్పు పాడకూడదు కదండీ" అనెను.

ఆయన నేర్పెను. తప్పించుకొను దారి లేకపోయెను. ఆరుమారులు ఆమె నాలుక కొడుకు పేరు కడకే పోయెను, ఆరుమారులును ఆమె లెంపలు వేసికొనెను. ఏడవమారు తప్పు లేకుండ పాడి, గుమ్మడికాయను గురుదక్షిణగా అరుగుపై నుంచి, కన్నులు తుడుచుకొనుచు వెడలిపోయెను.

అది మొదలు ప్రతిదినము ఉదయమున ఆమె పొలమునకు బోవుచు ఆయన వాకిట ఆ చరణమును స్ఫుటముగా పాడుచుండెను. గురువు విని సంతోషించునని ఆమె తలంపు. ఆయన తలుపులు మూసికొనుచుండెను. క్రమముగా చేలన్నియు అచ్చులో నున్నట్లే పాడసాగెను. ఆ చరణమున కానుకయ్య పేరు ఉండెనని నిస్సంశయముగా ఎరిగినవాడు లోకమున రత్నపౌలు ఒక్కడే మిగిలెను. ఆ పేరు పైకి పలుకుటకు ఆయనకు చచ్చునంతవరకు నోరు రాలేదు.